ఆట ఓడిన తర్వాత మాట
(కంచికచర్లలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఆస్తి హక్కు గురించి, సమాన కూలి గురించి, గృహహింస చట్టం అమలు గురించి మాట్లాడుకున్నాం. వాటి మధ్య హాకీ గురించి ప్రసంగం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్న ఈ నందిగామ, జగ్గయ్యపేట వైపు, ఆడపిల్లలు బళ్లో ఆడితే కబడ్డీయో ఖోఖోయో ఆడతారు. హాకీ కర్ర చేత పట్టినవాళ్లు తక్కువ. అయినా నేను హాకీనే తీసుకుంటున్నాను. ఆడవాళ్ల జట్టు ఓడిపోయినప్పుడు జనం ఏం మాట్లాడతారు, ఎవర్ని తప్పుపడతారు, ఆ తప్పుకు ఏ కారణం చెబుతారు అన్నది ఇటీవలి కాలంలో ఆ ఆటలో చాలా స్పష్టంగా బయటపడింది.

ఆట ముగిశాక జరిగే ఆ చర్చే ఇవాళ నా విషయం. దాని అడుగున ఒక హక్కు ఉంది. తప్పు చేసి, దాన్నుంచి నేర్చుకుని, మళ్లీ బరిలోకి దిగే హక్కు. ఈ హక్కు ఏ రాజ్యాంగ అధికరణంలోనూ ఈ మాటల్లో రాసి లేదు. కానీ ఇది లేకపోతే చదువు హక్కు, పని హక్కు, రాజకీయాల్లో పాల్గొనే హక్కు అన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి. మొదటిసారే తప్పు లేకుండా చేయాలన్న షరతు మీద ఎవరైనా ఏం నేర్చుకోగలరు?

చర్చ ఎవరిది?

ఆట అయిపోగానే టీ కొట్ల దగ్గర, బస్టాండుల్లో, కాలేజీ హాస్టళ్లలో చర్చ మొదలవుతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఓటమిని విప్పి చూడటం ఆటను ప్రేమించేవాళ్లు చేసే పనే. ఆ చర్చలో వినిపించే మాటల్ని కాస్త జాగ్రత్తగా వింటే అవి మూడు రకాలుగా ఉంటాయి.

మొదటి రకం పని గురించిన మాట. "ఆ పాస్ అంత గట్టిగా కొట్టి ఉండకూడదు", "సర్కిల్లో బంతి కాలికి తగలనిచ్చింది" లాంటివి. రెండో రకం కాలం గురించిన మాట. "ఇంకా చిన్నపిల్ల, రెండేళ్లు ఆడితే కుదురుకుంటుంది." మూడో రకం పుట్టుక గురించిన మాట. "ఆడవాళ్ల ఆట ఇంతే", "ఆ జాతి వాళ్లను తీసుకుంటే ఇంతే."

మొదటి రెండు మాటల్లో ఎదుగుదలకు చోటు ఉంది. పాస్‌ను సరిచేసుకోవచ్చు. రెండేళ్లు ఆడవచ్చు. మూడో మాటలో తలుపు మూసుకుపోతుంది. పుట్టుకను సరిచేసుకునే సాధన ఏదీ లేదు కదా! సమాజ శాస్త్ర విద్యార్థిగా నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న ఇది: ఒకే రకమైన తప్పు చేసినప్పుడు ఎవరికి మొదటి రెండు మాటలు దక్కుతున్నాయి, ఎవరికి మూడో మాట దక్కుతోంది?

ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ టీ కొట్టు దగ్గర మనం లేం. హాకీ కర్ర ఎప్పుడూ ముట్టని మగవాడు కూడా ఆడపిల్ల ఆట మీద తీర్పు చెప్పగలడు. పదేళ్లు ఆడి మానేసిన ఆడమనిషి ఆ గుంపులో నిలబడి రెండు మాటలు చెప్పలేదు. ఆట మీద అభిప్రాయం కూడా మగవాడి ఆస్తిగానే ఉంది. ఆ తీర్పులు మాత్రం సాయంత్రానికల్లా ఇంటికి చేరతాయి. "చూశావా, పెద్ద పెద్ద వాళ్లే ఓడిపోయారు, నీకెందుకు ఈ ఆటలు?" అన్న రూపంలో పదమూడేళ్ల పిల్ల చెవిన పడతాయి.

రోష్నాబాద్‌లో టపాకాయలు

2020 టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల 2021లో జరిగాయి. మన మహిళల జట్టు మొదటి మూడు ఆటలూ ఓడింది. నెదర్లాండ్స్ చేతిలో 1-5, జర్మనీ చేతిలో 0-2, బ్రిటన్ చేతిలో 1-4. ఇక ఇంటిదారే అని చాలామంది తేల్చేశారు. తర్వాత ఐర్లాండ్‌ను 1-0తో, దక్షిణాఫ్రికాను 4-3తో ఓడించారు. దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది వందనా కటారియా. ఒలింపిక్స్ హాకీలో ఒకే ఆటలో మూడు గోల్స్ చేసిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. ఆ సంవత్సరమే మే నెలాఖరులో ఆమె తండ్రి చనిపోతే, శిక్షణ శిబిరంలో ఉండిపోయిన ఆమె ఆఖరి చూపుకు కూడా వెళ్లలేకపోయింది.

ఆగస్టు 2న క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి జట్టు మొదటిసారి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. ఆగస్టు 4న అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడింది. అర్జెంటీనా రెండు గోల్సూ పెనాల్టీ కార్నర్ల నుంచి వచ్చాయి. వందన ఫార్వర్డ్. పెనాల్టీ కార్నర్ పడినప్పుడు గోలు గీత వెనుక నిలబడి అడ్డుకునేది గోల్‌కీపరూ మరో నలుగురు డిఫెన్స్ క్రీడాకారిణులూ. ఓటమికి కారణాలు వెతికేవాళ్లు ఎంత వెతికినా ఆ రెండు గోల్స్ దగ్గర ఆమె పేరు దొరకదు.

అయినా ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు అగ్రకుల యువకులు టపాకాయలు కాల్చి గంతులు వేశారు. జట్టులో దళితులు ఎక్కువైనందువల్లే ఓడిపోయారని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి. ఆ కుటుంబం పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతున్న సమయంలోనే, ఆగస్టు 6న, వందన కాంస్య పతకం ఆటకు దిగి బ్రిటన్ మీద ఒక గోలు చేసింది. ఆ ఆట మనం 3-4తో ఓడిపోయాం.

నేను పైన చెప్పిన మూడో రకం మాటకు ఇంతకంటే నగ్నమైన రూపం ఉండదు. నాలుగు రోజుల క్రితం మూడు గోల్స్ కొట్టినప్పుడు ఆమె "భారత పుత్రిక". జట్టు ఓడగానే ఆమె కులం గుర్తొచ్చింది. గెలుపును దేశం ఖాతాలో, ఓటమిని కులం ఖాతాలో రాసుకునే ఈ లెక్క మనకు కొత్తదా?

ఈ మాట అడగడానికి కంచికచర్ల కంటే తగిన చోటు లేదు. 1968లో ఈ ఊళ్లోనే కోటేశు అనే దళిత యువకుడిపై దొంగతనం నేరం మోపి సజీవంగా తగలబెట్టారు. రాష్ట్రమంతా కదిలిపోయిన సంఘటన అది. హత్యకూ టపాకాయలకూ మధ్య దూరం నాకు తెలుసు, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ వాటి కింద నడిచే తర్కాన్ని పోల్చి చూడమంటున్నాను. కొందరి విషయంలో తప్పు రుజువు కానక్కర్లేదు, తప్పు అనే మాట చాలు. ఆ మాట పుట్టగానే శిక్షించే అధికారం ఊరి చేతిలోకి వచ్చేస్తుంది. ఆ అధికారాన్ని ప్రశ్నించకుండా ఆటల్లో సమానత్వం గురించి మాట్లాడటం కుదరదు.

పడ్డవాడు, చెడ్డది

"మగవాళ్లను తిట్టరా?" అని మీరు అడగవచ్చు. తిడతారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మన పురుషుల జట్టు పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి డబ్బు తీసుకుని ఓడిపోయాడని నింద వేశారు. ఆ నింద అతన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. అది ఘోరమైన అన్యాయమే. కానీ ఆ రోజు ఎవరూ "మగవాళ్లకు హాకీ చేతకాదు" అనలేదు. తప్పు నేగిది అన్నారు. అతను తర్వాత తిరిగి వచ్చాడు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన మన మహిళల జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేశాడు.

తేడా ఎక్కడుందో చూడండి. మగవాడి తప్పు అతని ఒక్కడిది. ఆడదాని తప్పు ఆడజాతి మొత్తానిది. దళిత స్త్రీ తప్పు ఆడజాతిదీ, కులానిదీ కూడా. ఒక్కతే ఆడుతూ ఇంతమంది పరువు బరువు మోయాలి. ఆ బరువు మోస్తూ పెనాల్టీ స్ట్రోక్ కొట్టే ఇరవై ఏళ్ల పిల్ల కాలు వణకదా?

మన సామెతలే ఈ తేడాను చెబుతాయి. "పడ్డవాడు చెడ్డవాడు కాదు" అంటాం. ఈ మాటను స్త్రీలింగంలోకి మార్చి ఒకసారి పలకండి. నోరు తిరగదు. ఎందుకంటే స్త్రీ విషయంలో పడటమంటేనే చెడటం. "తిరగక మగవాడు చెడితే, తిరిగి ఆడది చెడింది" అన్నది మరో సామెత. హాకీ ఆడటమంటే తిరగడమే. పొద్దున్నే లేచి మైదానానికి, అక్కడినుంచి శిబిరానికి, ఊరు కాని ఊరికి. అంటే ఆడపిల్ల బరిలో దిగకముందే ఒక తప్పు ఆమె ఖాతాలో ఉంది. ఆటలో చేసే తప్పు దాని మీద రెండోది. అందుకే మగపిల్లవాడు ఓడిపోతే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు, ఆడపిల్ల ఓడిపోతే "ఇక చాల్లే" అంటారు.

ఒక తప్పు వెనుక ఎన్ని చేతులు

అభిమానుల చర్చలో ఇంకో లోపం ఉంది. చివరగా బంతి తగిలిన మనిషినే చూస్తారు. హాకీలో గోలు ఎలా పడుతుందో ఒకసారి వెనక్కి నడిచి చూద్దాం. పెనాల్టీ కార్నర్ మీద గోలు పడింది. ఆ కార్నర్ ఎందుకు వచ్చింది? సర్కిల్లో డిఫెండర్ కాలికి బంతి తగిలింది. బంతి అక్కడిదాకా ఎందుకు వచ్చింది? మధ్యలో ఆడే పిల్ల పాస్‌ను ఆపలేకపోయింది. ఎందుకు ఆపలేకపోయింది? అలసిపోయింది. అలసిన పిల్లను మార్చి మరొకర్ని దింపాల్సింది కోచ్. ప్రేక్షకుడికి కనిపించేది ఆ కాలు ఒక్కటే.

ఈ నడకను మైదానం బయటికి కూడా పొడిగించాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ తర్వాత పెద్ద పోటీలు క్రమంగా కృత్రిమ పచ్చిక మీదికి, అంటే టర్ఫ్ మీదికి మారాయి. టర్ఫ్ మీద బంతి నున్నగా, వేగంగా వస్తుంది. మట్టి నేల మీద అది ఎగురుతూ, దిశ మారుతూ వస్తుంది. మట్టి మీద నేర్చుకున్న పిల్ల చేతులు ఒక రకంగా అలవాటు పడతాయి. ఆమెను తెచ్చి టర్ఫ్ మీద నిలబెడితే మొదటి స్పర్శలోనే బంతి జారిపోతుంది. గ్యాలరీలో కూర్చున్నవాడు "బంతి ఆపడం కూడా రాదు" అంటాడు. ఆ తప్పు ఆమె చేతిదా, ఆమె ఊళ్లో టర్ఫ్ వేయని వ్యవస్థదా?

ఇక తిండి. భారత జట్టుకు నాయకత్వం వహించిన రాణీ రాంపాల్ హర్యానాలోని షాబాద్‌లో బండి తోలే తండ్రి కూతురు. శిక్షణకు వచ్చే పిల్లలు రోజూ అర లీటరు పాలు తెచ్చుకుని తాగాలన్న నియమం ఉంటే, ఇంట్లో అంత పాలు కొనలేక, ఉన్న పాలల్లో నీళ్లు కలిపి తాగానని ఆమే చెప్పుకుంది. ఆ పిల్ల 2010 ప్రపంచ కప్‌లో పదిహేనేళ్ల వయసుకే ఏడు గోల్స్ చేసింది. మనం రాణిని పొగుడుతాం, పొగడాల్సిందే. కానీ నీళ్ల పాలు తాగి రాణి కాలేకపోయిన పిల్లల సంగతి ఏమిటి? చివరి పది నిమిషాల్లో కాళ్లు లేవని పిల్లను "దమ్ము లేదు" అంటారు. ఇంట్లో పప్పు ముందు అన్నకు వడ్డించి, అడుగున మిగిలింది చెల్లికి పెట్టిన సంగతి స్కోరు బోర్డు మీద కనిపించదు.

అమెరికా స్త్రీవాద తాత్వికురాలు ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద ఒక వ్యాసం రాసింది. ఆడపిల్లలు విసిరేటప్పుడు ఒళ్లంతా వాడరు, చెయ్యి మాత్రమే వాడతారని, దీనికి కారణం కండ లేకపోవడం కాదని ఆమె వాదించింది. తమ ఒంటిని పనిచేసే శక్తిగా కాక ఇతరులు చూసే వస్తువుగా భావించేలా వాళ్లను పెంచుతారు, అందుకే అడుగు సగంలో ఆగిపోతుంది అన్నది ఆమె వాదన సారాంశం. ఓణీ సర్దుకుంటూ పెరిగిన మనకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తెగించి ముందుకు దూకాల్సిన చోట ఒక్క క్షణం తటపటాయించడం హాకీలో పెద్ద తప్పు. ఆ ఒక్క క్షణాన్ని పన్నెండేళ్లు కష్టపడి నేర్పింది మనమే.

ఎదుగుదల తిన్నని గీత కాదు

1980 మాస్కోలో మహిళల హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌లో ఆడటానికి 36 ఏళ్లు పట్టింది. 2016 రియోలో ఒక్క ఆటా గెలవలేదు. జపాన్‌తో 2-2తో సమంగా ముగించారు, మిగతావన్నీ ఓడి పన్నెండు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచారు. అప్పుడే "ఈ పిల్లల్ని మార్చేయండి" అన్న మాటకు తలొగ్గి ఉంటే ఏమయ్యేది? టోక్యోకు ఎంపికైన 16 మందిలో 8 మంది రియోలో ఓడినవాళ్లే. మిగతా 8 మందికి అది మొదటి ఒలింపిక్స్. వాళ్లలో జార్ఖండ్ సిమ్డేగా జిల్లా నుంచి వచ్చిన సలీమా టేటేకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఓడి నేర్చుకున్నవాళ్లూ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లూ కలిసి ఆడబట్టే జట్టు నాలుగో స్థానానికి చేరింది.

ఆ తర్వాత కథ కూడా పైకే సాగలేదు. 2024 జనవరిలో రాంచీలో జరిగిన అర్హత పోటీల్లో జర్మనీతో 2-2 అయ్యాక షూటౌట్‌లో ఓడి, మర్నాడు జపాన్ చేతిలో 0-1తో ఓడి, పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయ్యారు. షూటౌట్ అంటే ఎనిమిది క్షణాల్లో గోల్‌కీపర్‌ను ఒంటరిగా ఎదుర్కొని గోలు కొట్టాలి. పదకొండు మంది అరవై నిమిషాలు ఆడిన ఆట చివరికి ఒక్క మనిషి ఎనిమిది క్షణాల మీదికి వచ్చి ఆగుతుంది. నింద వేయడానికి అంతకంటే వీలైన చోటు ఉండదు. ఆ నిందలు కుర్ర క్రీడాకారిణుల మీద పడ్డాయి. అదే ఏడాది నవంబరులో బీహార్‌లోని రాజ్‌గిర్‌లో సలీమా నాయకత్వంలో జట్టు చైనాను 1-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. ఆ గోలు కొట్టిన దీపికకు అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ పోటీల్లో ఆమె మొత్తం 11 గోల్స్ చేసింది. మళ్లీ 2025 జూన్‌లో ప్రో లీగ్‌లో జట్టు చివరి స్థానంలో నిలిచి కింది తరగతికి దిగిపోయింది.

పడటం, లేవడం, మళ్లీ పడటం. ఎదుగుదల ఇలాగే ఉంటుంది. దీన్ని భరించే ఓపిక మగవాళ్ల ఆటలకు మన సమాజం ఇస్తోంది. ఆడవాళ్ల ఆటకు ప్రతి ఓటమీ ఆఖరి పరీక్ష అవుతోంది. మహిళల జట్టుకు కోచ్‌గా ఉన్న నెదర్లాండ్స్ మహిళ యానెక్ షోప్మన్, పురుషుల జట్టుకూ మహిళల జట్టుకూ దక్కే గౌరవంలో తేడా ఉందని 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా చెప్పింది. కొద్ది రోజులకే పదవి వదిలి వెళ్లిపోయింది. అభిమానుల నోట్లో పుట్టిన మాట అధికారుల గదుల్లోకి ఎలా ప్రవహిస్తుందో ఆలోచించండి.

మన తెలుగు పిల్ల ఇతిమరపు రజనిని తీసుకోండి. పాత చిత్తూరు జిల్లాలోని ఎనుమలవారిపల్లి నుంచి వచ్చిన గోల్‌కీపర్. సవిత మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న సంవత్సరాల్లో రజని ఎక్కువగా రెండో గోల్‌కీపర్‌గా ఎదురుచూస్తూ గడిపింది. గోల్‌కీపర్ పని విచిత్రమైనది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి ఒక గోలు కొడితే వీరురాలు. గోల్‌కీపర్ పది బంతులు ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే గుర్తుంటుంది. ఇంటి చాకిరీ లాంటిదే ఇది, చేసినంతసేపూ కనిపించదు, ఒక పూట తప్పితేనే కనిపిస్తుంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన ఐదుగురు ఆడే హాకీ ప్రపంచ కప్‌కు రజని జట్టు నాయకురాలు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజత పతకం తెచ్చారు. చూసేవాడికి ఏడు గోల్స్ పడ్డాయని కనిపిస్తుంది. ఒక పల్లెటూరి పిల్ల ఇన్నేళ్లు ఎదురుచూసి, వదలకుండా సాధన చేసి, ప్రపంచ కప్ ఫైనల్లో తన దేశ జట్టును నడిపించిందని మనం చెప్పాలి.

జాలి కూడా వివక్షే

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. ఆడపిల్లల ఆటను విమర్శించవద్దని నేను అనడం లేదు. "పోనీలే, ఆడపిల్లలు కదా, ఈమాత్రం ఆడారు చాలు" అనే మాట మృదువుగా వినిపించినా అది కూడా మూడో రకం మాటే. తప్పు చూపించకపోతే దిద్దుకునే అవకాశం కూడా లాక్కున్నట్టే. మగపిల్లవాడికి కోచ్ పదిసార్లు చెప్పి చేయిస్తాడు. ఆడపిల్లతో "సర్లే" అని వదిలేస్తాడు. ఆ వదిలేయడం దయ కాదు, ఆమె మీద నమ్మకం లేకపోవడం.

న్యాయమైన విమర్శకు మూడు గుర్తులు ఉంటాయి. అది పని గురించి మాట్లాడుతుంది, మనిషి పుట్టుక గురించి కాదు. తప్పుకు ముందు ఏం జరిగిందో అడుగుతుంది. తర్వాత ఏం చేయాలో చెబుతుంది. ఈ మూడూ ఉన్న విమర్శ క్రీడాకారిణి హక్కు. కఠినంగా ఉన్నా సరే, అది గౌరవమే.

మన మండలంలో మన పని

ఇదంతా టోక్యో, రాంచీల సంగతి, మనకేమిటి అనుకోవద్దు. జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలు 2023 ఫిబ్రవరిలో మన కాకినాడలోనే జరిగాయి. ఆట మనకు దూరంగా లేదు. ఆ ఆట దాకా చేరే దారిలో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారన్నది ప్రశ్న. సిమ్డేగా ప్రాంతంలో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే ఊరి పోటీలు ఉన్నాయి. అక్కడి ఆదివాసీ సమాజంలో ఆడపిల్ల హాకీ ఆడటం వింత కాదు. ఓడినా వచ్చే వారం మరో ఊళ్లో ఆట ఉంటుంది. అంత పేద జిల్లా దేశానికి ఇంతమంది క్రీడాకారిణులను ఇచ్చిందంటే కారణం డబ్బు కాదు, ఓడాక మళ్లీ ఆడే వీలు.

మన దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల మండల స్థాయి పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడితే ఆమె ఆట ఆ రోజుతో సరి. పత్తితీతలు, మిరప కోతలు వచ్చాయంటే సాధన మానేసి తల్లితో చేలోకి పోతుంది. "ఒక్క ఏడాది ఆడనిస్తాను" అన్న తండ్రి గడువు అయిపోతుంది. పదో తరగతి తర్వాత సంబంధాలు చూడటం మొదలవుతుంది. రియో నుంచి టోక్యోకు ఐదేళ్లు పట్టింది. మన పిల్లకు మనం ఐదు నెలలు ఇస్తున్నామా?

చట్టం మన పక్షాన ఉంది. స్త్రీలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించాలన్న 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ఆటల్లో, వ్యాయామ విద్యలో ఆడపిల్లలకు సమాన అవకాశం ఉండాలని దాని పదో అధికరణం చెబుతుంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం ఆటను బాలల హక్కుగా గుర్తించింది. ఆ ఒప్పందంలో మనం 1992లో చేరాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు ఉండాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం క్రీడా సంస్థలనూ, స్టేడియాలనూ, పోటీలు జరిగే చోట్లనూ పని స్థలాలుగానే లెక్కిస్తుంది. ఇది ముఖ్యం. తప్పులు దిద్దే అధికారం ఉన్న కోచ్ చేతిలోనే పిల్ల భవిష్యత్తు ఉంటుంది. ఆ అధికారాన్ని దుర్వినియోగం చేస్తే నోరు విప్పడం ఎంత కష్టమో 2023లో ఢిల్లీ రోడ్డు మీద కూర్చున్న మహిళా మల్లయోధులు మనకు చూపించారు.

కాబట్టి మీ గ్రామాలకు తిరిగి వెళ్లాక ఈ ప్రశ్నలు అడగమని కోరుతున్నాను.

ఒకటి. మీ బడిలో పోయిన ఏడాది ఓడిపోయిన ఆడపిల్లల జట్టులో ఎంతమంది ఈ ఏడాది మళ్లీ ఆడుతున్నారు? గెలిచిన కప్పుల లెక్క అందరూ రాస్తారు. ఈ లెక్క ఎవరూ రాయరు. మనం రాద్దాం.

రెండు. బడిలో మైదానం ఉందా? ఉంటే సాయంత్రం అది ఎవరి చేతిలో ఉంటుంది? మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసే ఆడపిల్లలకు వారంలో రెండు రోజులైనా మైదానం ఇప్పించగలమా?

మూడు. పత్తితీతల కాలంలో సాధన ఆగిపోతోందా? ఆ రోజుల కూలి లేక ఇల్లు గడవని కుటుంబానికి "మీ అమ్మాయిని ఆడనివ్వండి" అని ఉపన్యాసం చెబితే సరిపోదు. సాధన వేళలు మార్చమని, ఆడే పిల్లలకు గుడ్డు, పాలు అదనంగా ఇవ్వమని అడగాలి.

నాలుగు. పిల్లల్ని ఎంపిక చేసేవాళ్లలో ఆడవాళ్లు ఉన్నారా? దళిత వాడ నుంచి, తండా నుంచి వచ్చే పిల్ల ఒకసారి తప్పు చేస్తే ఆమెకు రెండో అవకాశం ఇస్తున్నారా? ఫిర్యాదు చేయాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో పిల్లలకు తెలుసా?

ఐదు. ఆట అయ్యాక ఇంట్లో మనం ఏ మాట అంటున్నాం? తల్లులుగా, అక్కలుగా, పిన్నులుగా మనం కూడా "ఇక చాల్లే" అన్నవాళ్లమే కదా అని ఎవరికి వారు వెనక్కి చూసుకోవాలి.

వందనా కటారియా 2025లో ఆట నుంచి తప్పుకుంది. అప్పటికి దేశం తరఫున 320 ఆటలు ఆడి 158 గోల్స్ చేసింది. 320 ఆటల్లో ఎన్ని పాస్‌లు తప్పిపోయి ఉంటాయి, ఎన్ని గోల్స్ చేజారి ఉంటాయి! అన్ని తప్పులు చేసే అవకాశం దొరికింది కాబట్టే ఆ 158 వచ్చాయి.

ఈసారి మండల స్థాయి ఆటలు జరిగేటప్పుడు సంఘం తరఫున కొంతమందైనా మైదానానికి వెళ్లండి. గెలిచిన జట్టు చుట్టూ హెడ్మాస్టరు, సర్పంచి, ఫొటోలు తీసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మీరు ఓడిన పిల్లల దగ్గరికి వెళ్లండి. ఏ బంతి ఎలా పోయిందో వాళ్లనే అడగండి, వాళ్లు చెప్పింది ఓపిగ్గా వినండి. వచ్చే ఏడు ఎప్పుడు సాధన మొదలు పెడతారో తేదీ అడిగి రాసుకోండి. ఆ తేదీన మళ్లీ వెళ్లండి.